అరిగిపోవడానికే పోసే నూనె

హైదరాబాద్ శివారు లింగంపల్లిని ఆనుకుని ఉన్న రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం 1960ల నుంచి ఆవిరి టర్బైన్లు తయారుచేస్తోంది. విద్యుత్ కేంద్రంలో అలాంటి పెద్ద టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాల లెక్కన నడుస్తుంది కాబట్టి ఆ వేగం అటూ ఇటూ కావడానికి వీల్లేదు. టన్నుల బరువున్న ఆ ఇరుసు పరుగులో ఉన్నంతసేపూ బేరింగును తాకదు. వెంట్రుక కన్నా పలచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది.

పొద్దున్నే ఆ కర్మాగారం గేటు ముందు నుంచి ఆఫీసుకు బయలుదేరే వంద సీసీ బండి ఇంజిన్ కూడా ట్రాఫిక్‌లో ఇంచుమించు అదే వేగంతో తిరుగుతుంది. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య, క్యామ్‌కీ అది నొక్కే చేతికీ మధ్య అక్కడ కూడా కాపలా కాసేది ఆయిల్ పొరే. అయితే టర్బైన్ ఆయిల్‌ను ఎప్పటికప్పుడు ప్రయోగశాలలో పరీక్షిస్తారు. తేమ ఎంత చేరింది, ఆమ్లం ఎంత పెరిగింది, చిక్కదనం నిలిచిందా అని చూస్తారు. బండి ఆయిల్‌ను ఎవరూ పరీక్షించరు. మీటరు చూసి మారుస్తారు, అదీ గుర్తుంటే.

బండిలో మనం పోసే ద్రవాలన్నీ అరిగిపోవడానికే పెట్టిన విడిభాగాలు. లోహం అరగకుండా అవి అరుగుతాయి. టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది, వీటి అరుగుదల కనిపించదు. పైగా ఒక్కో ద్రవాన్ని పాడుచేసే శత్రువు వేరు. ఇంజిన్ ఆయిల్‌కు వేడి, కోత. బ్రేక్ ద్రవానికి నీరు. కూలెంట్‌కు కాలం, బోరు నీళ్లు. ఈ శత్రువులు ఎలా పనిచేస్తాయో తెలిసినవాడికి ఏ ద్రవం ఎప్పుడు మార్చాలో, ఏది ఇంట్లో మార్చుకోవచ్చో, ఏది మెకానిక్‌కు వదిలేయాలో తేలిగ్గా తెలుస్తుంది.

బిరడా ఎగిరిన రోజు

ఆయిల్ పూస్తే రాపిడి తగ్గుతుందని బండి చక్రాలు చేసిన మొదటి మనిషికే తెలిసి ఉంటుంది. ఎందుకు తగ్గుతుందో మాత్రం 1880ల దాకా ఎవరికీ సరిగా తెలియదు. 1883లో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తున్నాడు. పైనుంచి ఆయిల్ పోద్దామని బేరింగు నెత్తిన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగడం మొదలుపెట్టగానే ఆయిల్ లోపలికి పోవడం మాని ఆ రంధ్రంలోంచి బయటికి ఉబికింది. బిరడా కొట్టాడు, బిరడా బయటికొచ్చింది. చెక్క ముక్క దిగగొట్టాడు, అదీ నిలవలేదు. చివరికి అక్కడ పీడనం కొలిచే గేజీ బిగిస్తే, ఇరుసు మీద సగటున పడే భారానికి రెట్టింపు కన్నా ఎక్కువ పీడనం చూపించింది.

మూడేళ్ల తర్వాత, 1886లో, ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం రాశాడు. తిరిగే ఇరుసు తన ఒంటికి అంటిన ఆయిల్‌ను తనతో లాక్కుపోతుంది. ముందున్న సందు ఇరుకవుతూ పోతుంది. ఇరుకు సందులోకి తోసుకుపోయే ఆయిల్‌లో పీడనం పుడుతుంది. ఆ పీడనమే ఇరుసును పైకి ఎత్తి నిలబెడుతుంది. అంటే ఆయిల్ పంపు చేసే పని ఆయిల్‌ను అక్కడికి చేర్చడం వరకే, బరువు మోసే బలం తిరుగుడు లోంచే వస్తుంది.

ఇందులోంచి రెండు విషయాలు తేలతాయి. మొదటిది, పొర నిలవాలంటే ఆయిల్‌కు తగినంత చిక్కదనం కావాలి. నీళ్లంత పలచనైతే సందులోంచి జారిపోతుంది, మరీ చిక్కనైతే సందులోకే చేరదు. రెండోది, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పొర ఉండదు. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో లోహం లోహాన్ని తాకుతుంది. 1902లో రిచర్డ్ స్ట్రిబెక్ గీసిన గ్రాఫు చెప్పేది ఇదే: వేగం తక్కువైతే రాపిడి ఎక్కువ, వేగం పెరిగి పొర ఏర్పడగానే రాపిడి పడిపోతుంది. ఆ తొలి క్షణాల కోసమే ఆయిల్‌లో జింకు, ఫాస్ఫరస్, గంధకం ఉన్న ఒక సమ్మేళనాన్ని కలుపుతారు. రాపిడి వేడికి అది లోహం మీద పలచని గాజు లాంటి పూతగా మారుతుంది. లోహం బదులు ఆ పూత చిరుగుతుంది, మళ్లీ ఏర్పడుతుంది. ప్రతి స్టార్ట్‌కూ ఆ జింకు కొంచెం ఖర్చవుతుంది. ఖర్చు పూర్తయ్యాక ఇంజిన్‌లో ఆయిల్ ఎంత ఉన్నా కాపలా లేనట్టే.

ఒక్క ఆయిల్‌కు మూడు ఉద్యోగాలు

చేతక్, ఆర్‌ఎక్స్ 100 కాలంలో ఇంజిన్ ఆయిల్ మార్చే తలనొప్పి ఉండేది కాదు. అవి టూస్ట్రోక్ బండ్లు. బంకులో పెట్రోల్‌తో పాటు 2టి ఆయిల్ పోయించుకుంటే అది పెట్రోల్‌తో కలిసి ఇంజిన్‌లోకి వెళ్లి, పని చేసి, కాలి నీలి పొగగా బయటికి పోయేది. ప్రతిసారీ కొత్త ఆయిలే. గేర్లకు వేరే అరలో వేరే ఆయిల్. పొగ నిబంధనలు బిగిసి టూస్ట్రోక్ బండ్లు పోయాయి. హీరో హోండా స్ప్లెండర్ 1994లో వచ్చింది. అలాంటి ఫోర్‌స్ట్రోక్ బండిలో లీటరుకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆయిల్ కాలిపోదు, నెలల తరబడి లోపలే తిరుగుతూ ఉంటుంది.

అలా తిరిగే ఒక్క ఆయిలే ఇంజిన్‌కు, క్లచ్‌కు, గేర్‌బాక్స్‌కు మూడిటికీ పనిచేయాలి. చాలావరకు కార్లలో గేర్ల ఆయిల్ వేరు, క్లచ్ పొడిగా ఉంటుంది. మోటార్‌సైకిల్‌లో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఇంజిన్ కోరేది జారుడు, క్లచ్ కోరేది పట్టు. రెండూ ఒకే ఆయిల్ ఇవ్వాలి. కారు ఆయిళ్లలో కొన్నిటికి మైలేజీ కోసం జారుడు పెంచే మాలిబ్డినం లాంటి రసాయనాలు కలుపుతారు. అది బండిలో పోస్తే ప్లేట్లు జారతాయి. గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది కానీ బండి ముందుకు పోదు. జపాన్ వాహన ప్రమాణాల సంస్థ జాసో 1998లో మోటార్‌సైకిల్ ఆయిళ్లకు ప్రత్యేకంగా ప్రమాణం పెట్టింది ఈ కారణంతోనే. డబ్బా మీద ఎంఏ అని ఉంటే తడి క్లచ్‌కు తగిన పట్టు ఉన్నట్టు. ఎంబీ అని ఉంటే జారుడు ఎక్కువ, అది స్కూటర్లకు. యాక్టివాలో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి దానికి ఎంబీ సరిపోతుంది. స్కూటర్‌కు కొన్న డబ్బా మిగిలిందని మోటార్‌సైకిల్‌లో పోయకూడదు.

డబ్బా మీద ఉండే ఇంకో సంఖ్య, 10డబ్ల్యూ-30 లాంటిది, చిక్కదనం గురించి. ముందున్న 10డబ్ల్యూ చలిలో ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. ఆ పరీక్ష సున్నాకు 25 డిగ్రీల దిగువన చేస్తారు, లింగంపల్లికి ఆ చలి ఎప్పుడూ రాదు. వెనకున్న 30 అసలైనది. అది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే పనిచేసే ఇంజిన్ వేడి దగ్గర, చిక్కదనం. అదే 50 అయితే 30 కన్నా దాదాపు రెట్టింపు చిక్కన. హైదరాబాద్ ఎండలకు చిక్కటి ఆయిల్ మంచిదని 10డబ్ల్యూ-30 బండిలో 20డబ్ల్యూ-50 పోయించేవాళ్లు ఉన్నారు. బయట ఎండ 42 డిగ్రీలైనా, 28 డిగ్రీలైనా ఇంజిన్ లోపలి ఆయిల్ వంద డిగ్రీల చుట్టుపక్కలే పనిచేస్తుంది. సన్నటి సందులతో తయారైన ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పొద్దున్నే పైదాకా చేరడానికి ఆలస్యమవుతుంది, మైలేజీ తగ్గుతుంది. మాన్యువల్‌లో ఏ గ్రేడు ఉంటే అదే పోయాలి.

ఒకే ఆయిల్ చలిలో మరీ చిక్కబడకుండా, వేడిలో మరీ పలచబడకుండా ఎలా ఉంటుంది? అందులో పొడవాటి గొలుసుల్లాంటి పాలిమర్ అణువులు కలుపుతారు. చల్లగా ఉంటే అవి చుట్టుకుని ముద్దగా ఉంటాయి, ఆయిల్ కదలికకు అడ్డురావు. వేడెక్కితే విప్పుకుని పరుచుకుంటాయి, ఆయిల్ మరీ పలచబడకుండా ఆపుతాయి. అయితే ఈ ఆయిల్ గేర్‌బాక్స్‌లోనూ తిరగాలి. గేరు పళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట ఆ గొలుసులు తెగుతాయి. తెగిన గొలుసు మళ్లీ అతకదు. కారు ఆయిల్ కన్నా బండి ఆయిల్ తొందరగా పలచబడడానికి పెద్ద కారణం ఇదే.

మీటరు చెప్పని లెక్క

లింగంపల్లిలో ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే రకం బండ్లున్న ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు పాత ముంబై రోడ్డు మీద సెంట్రల్ యూనివర్సిటీ మీదుగా గచ్చిబౌలి వైపు ఆఫీసుకు బండి మీదే వెళతారు. ఇంకొకరు లింగంపల్లి స్టేషన్ దాకా బండి మీద వెళ్లి, అక్కడ పెట్టి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కుతారు. 2003లో ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు ఈ స్టేషనే చివరి మజిలీ. ఇద్దరి బండ్ల మీటరూ ఒకే అంకె చూపినా, ఇద్దరి ఆయిల్ ఒకే రకంగా చావదు.

మొదటి ఆయిల్‌ను చంపేది వేడి. సిగ్నల్ దగ్గర ఆగిన వంద సీసీ ఇంజిన్ నిమిషానికి 1,400 చుట్ల చుట్టుపక్కల తిరుగుతుంది. పది నిమిషాలు ఆగితే 14,000 చుట్లు, మీటరు మీద సున్నా. అదే బండి టాప్ గేరులో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఆ 14,000 చుట్లకు సుమారు రెండున్నర కిలోమీటర్లు పోయేది. పైగా గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఆగి ఉన్నప్పుడు గాలి తగలదు. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని రసాయన శాస్త్రవేత్తలు వాడే మోటు లెక్క ఒకటుంది. ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి ఆమ్లాలుగా, జిగురుగా మారే వేగమూ అంతే.

రెండో ఆయిల్‌ను చంపేది చలి, నీరు. పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే నీరు పుడుతుంది. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. అందులో చాలా భాగం సైలెన్సర్‌లోంచి పోతుంది. కొంచెం మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, ఆయిల్ ఉన్న అరలోకి జారుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితే ఆ నీరు ఆవిరై బయటపడుతుంది. రెండు కిలోమీటర్లు పోయి ఆగిపోయే బండి అంతగా వేడెక్కదు. నీరు, కాలని పెట్రోల్ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. రోజుకు ఎక్కువ స్టార్ట్‌లు, తక్కువ పరుగు కాబట్టి జింకు పూత కూడా త్వరగా ఖర్చవుతుంది.

అందుకే మాన్యువల్ 6,000 కిలోమీటర్లు అంటే, కొన్ని బండ్లకు 10,000 అంటే, వీధి చివరి మెకానిక్ అంతకన్నా ముందే మార్చమంటే, ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నట్టు కాదు. మాన్యువల్ మామూలు వాడకానికి రాసింది, కఠినమైన వాడకమైతే గడువు తగ్గించమని చాలా మాన్యువళ్లే చెబుతాయి. ఐటీ కారిడార్ ట్రాఫిక్, స్టేషన్ దాకా పొట్టి ప్రయాణం, రెండూ కఠినమైన వాడకాలే. కిలోమీటర్లు ఎన్నున్నా ఏడాదికి ఒకసారైనా మార్చడం మంచిది.

రంగు చూసి తీర్పు చెప్పకూడదు. ఆయిల్‌లో మసిని ముద్దకట్టకుండా పట్టి ఉంచే రసాయనాలు ఉంటాయి. అవి పనిచేస్తున్నాయి కాబట్టే ఆయిల్ నల్లబడుతుంది. ఒక చుక్కను తెల్లటి ఫిల్టర్ కాగితం మీద వేసి కొన్ని గంటలు ఉంచితే ఇంకాస్త తెలుస్తుంది. నలుపు మధ్యలోంచి అంచుల దాకా పలచబడుతూ పరుచుకుంటే మసిని మోసే శక్తి ఉంది. మధ్యలో కాటుక బొట్టులా ఆగి అంచు గట్టిగా గీసినట్టు ఉంటే ఆ శక్తి అయిపోయింది. ఆయిల్ టీ రంగుకు తిరిగి తెల్లగా నురుగు కడితే నీరు చేరినట్టు. వానాకాలంలో లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి నీళ్లలో బండి దింపినవాళ్లు ఇల్లు చేరగానే చూసుకోవాల్సింది ఇదే. అలా ఉంటే కిలోమీటర్ల లెక్క పక్కనపెట్టి వెంటనే మార్చాలి.

పానా, గరాటు, వాషర్

ఇంజిన్ ఆయిల్ మార్చడం ఇంట్లో హాయిగా చేసుకోగల పని. వారంటీలో ఉన్న బండిని మాత్రం కంపెనీ సర్వీస్‌కే ఇచ్చి బిల్లు దాచుకోవాలి. ఆ గడువు దాటాక సెల్లార్‌లో చదునైన చోటు, సరైన పానా, గరాటు, బనియన్ వేస్ట్, చేతులకు గ్లౌజులు చాలు. పాత ఐదు లీటర్ల డబ్బాను పక్కవాటుగా కోస్తే పాత ఆయిల్ పట్టడానికి ట్రే తయారు.

బండిని డబుల్ స్టాండు వేసి, రెండు మూడు నిమిషాలు నడిపి ఆపాలి. గోరువెచ్చని ఆయిల్ పలచగా, అడుగున పేరుకున్న మసిని కలుపుకుని దిగుతుంది. దూరం పోయొచ్చిన వెంటనే మాత్రం చేయకూడదు, కాగిన ఆయిల్, సైలెన్సర్ రెండూ కాలుస్తాయి. ముందు పైన ఆయిల్ పోసే మూత తీయాలి. పైనుంచి గాలి లోపలికి పోతేనే కిందనుంచి ఆయిల్ ధారగా దిగుతుంది. ఆ తర్వాత ఇంజిన్ అడుగున ఉన్న డ్రైన్ బోల్టు విప్పాలి. స్ప్లెండర్ లాంటి బండ్లకు 17 నంబర్ రింగు పానా పడుతుంది.

దిగే ఆయిల్‌ను ఊరికే పోనివ్వకుండా చూడండి. ఇంతకన్నా చవకైన ఇంజిన్ పరీక్ష లేదు. బోల్టు కొసకు బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే మామూలు అరుగుదలే. వేలికి గరుకుగా తగిలే రజను, మెరిసే ముక్కలు కనిపిస్తే లోపల ఏదో విరుగుతున్నట్టు. అప్పుడు కొత్త ఆయిల్ పోసి ఊరుకోకుండా మెకానిక్‌కు చూపించాలి.

బోల్టు తిరిగి బిగించడమే ఈ పనిలో ఎక్కువమంది తప్పు చేసే చోటు. బోల్టు ఉక్కు, ఇంజిన్ కేసు అల్యూమినియం. ఎక్కువ బిగిస్తే బోల్టుకు ఏమీ కాదు, కేసు థ్రెడ్ పోతుంది. చిన్న బండ్లకు కావలసిన బిగింపు సుమారు 25 న్యూటన్ మీటర్లు. పానా పిడి 20 సెంటీమీటర్లు ఉంటే, దాని కొసన 12, 13 కిలోల బరువు వేలాడదీసినంత బలం. చేత్తో గట్టిగా లాగితే చాలు, కాలు పెట్టి తొక్కే పని కాదు. ఆయిల్ కారకుండా ఆపేది బిగింపు బలం కాదు, బోల్టు కింద ఉండే మెత్తటి వాషర్. అది నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగింది రెండోసారి అంత బాగా నలగదు. అందుకే ప్రతిసారీ కొత్త వాషర్ వేయాలి.

కాగితపు ఫిల్టర్ ఉన్న బండ్లలో మాన్యువల్ చెప్పిన గడువుకు దాన్నీ, దాని రబ్బరు రింగునూ మార్చాలి. స్ప్లెండర్ తరహా వంద సీసీ ఇంజిన్లలో కాగితపు ఫిల్టర్ ఉండదు. ఒక జల్లెడ, దానితో పాటు ఇరుసుతో కలిసి తిరిగే ఒక గిన్నె ఉంటాయి. ఆ గిన్నె గిరగిరా తిరుగుతుంటే బరువైన మురికి అంచుకు విసిరేయబడి అక్కడే అంటుకుంటుంది. దాన్ని శుభ్రం చేయాలంటే ఇంజిన్ పక్క మూత విప్పాలి, గ్యాస్కెట్ మార్చాలి. ఆ పని మెకానిక్‌కు వదలడం మేలు.

పాత ఆయిల్ ఎంత దింపినా లోపల కొంత మిగులుతుంది. అందుకే మాన్యువల్‌లో చెప్పిన కొలత కన్నా కాస్త తక్కువ పోసి, ఇంజిన్ రెండు నిమిషాలు నడిపి, ఆపి, ఆయిల్ కిందికి దిగాక కొలపుల్ల చూడాలి. చాలా బండ్లలో పుల్లను తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బండి నిటారుగా ఉండాలి, సైడ్ స్టాండు మీద చూసే కొలత తప్పు. రెండు గీతల మధ్య ఉంటే సరి. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తాయి. నురుగులో గాలి ఉంటుంది, గాలి నలిగిపోతుంది, పొర బరువు మోయలేదు.

నీళ్లు తాగే బ్రేక్

డిస్క్ బ్రేక్ ఉన్న బండి హ్యాండిల్ మీద చిన్న డబ్బా కనిపిస్తుంది. అందులోని ద్రవానికి రాపిడి తగ్గించే పని లేదు. నలగకుండా ఉండడమే దాని పని. ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. వేళ్లతో లివర్ నొక్కితే పైన చిన్న పిస్టన్ కదులుతుంది, కింద కాలిపర్‌లో పెద్ద పిస్టన్ అంతకు ఎన్నో రెట్ల బలంతో ప్యాడ్‌ను డిస్క్‌కు అదుముతుంది.

బండి, మనిషి కలిపి 200 కిలోలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ చలనశక్తి సుమారు 28 వేల జౌళ్లు. ఆగడమంటే అదంతా వేడిగా మారడమే. ఆ వేడంతా కిలో బరువున్న ఉక్కు డిస్క్‌కే పోతే ఒక్కసారి ఆగడానికి అది 55 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఆదివారం వికారాబాద్ పోయి అనంతగిరి ఘాట్ దిగుతూ ఒకదాని వెనక ఒకటిగా బ్రేకులు నొక్కుతుంటే చల్లబడే వ్యవధి ఉండదు. వేడి ప్యాడ్ మీదుగా ద్రవానికి చేరుతుంది.

డాట్ 4 రకం కొత్త ద్రవం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అయితే అది గాలిలోని తేమను పీల్చే గుణం ఉన్న గ్లైకాల్ ద్రవం. రబ్బరు గొట్టం గోడల్లోంచి కూడా తేమ మెల్లగా చేరుతుంది. నీటి శాతం 3.7కు చేరిన ద్రవానికి అదే ప్రమాణం అడిగే కనీస మరుగు స్థానం 155 డిగ్రీలే. మరిగితే బుడగలు పుడతాయి. నీరు ఆవిరైతే వెయ్యిన్నర రెట్లకు పైగా ఉబ్బుతుంది, ఆ ఆవిరి వేళ్ల ఒత్తిడికి నలిగిపోతుంది. లివర్ హ్యాండిల్ దాకా వస్తుంది, బండి ఆగదు. బండి నడిపినా నడపకపోయినా తేమ చేరడం ఆగదు కాబట్టి దీనికి కిలోమీటర్ల లెక్క లేదు. రెండేళ్లకు ఒకసారి మార్చాలి.

మూత తీసి ఉంచకూడదు, తెరిచి చాలాకాలమైన సీసాలోది పోయకూడదు, పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. మార్చే పద్ధతి చదివితే తేలికే: పైన పోస్తూ, లివర్ నొక్కి ఉంచి కాలిపర్ దగ్గర చిన్న బోల్టు వదులుచేసి పాతది బయటికి పంపడం, లివర్ వదిలేముందు బోల్టు బిగించడం. డబ్బా ఒక్కసారి ఖాళీ అయినా లోపలికి గాలి చేరుతుంది. ఆయిల్ మార్చడంలో తప్పు చేస్తే ఇంజిన్ పోతుంది, ఇక్కడ తప్పు చేస్తే మనిషి పోతాడు. తెలిసినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నాకే చేయాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఏబీఎస్ ఉన్నవాటిని సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులున్న బండికి ఈ ద్రవమే లేదు.

కూలెంట్, ఫోర్క్ ఆయిల్

ఆర్15, డ్యూక్, ఎన్ఎస్200 లాంటి బండ్లకు రేడియేటర్ ఉంటుంది. అందులోని కూలెంట్ నీరు, ఇథిలీన్ గ్లైకాల్ కలిసిన ద్రవం. సగం సగం కలిపితే సున్నాకు 35 డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టదు. మనకు ఆ గుణంతో పని లేదు, మిగతా రెండు గుణాలతో ఉంది: నీటి కన్నా ఆలస్యంగా మరగడం, లోహాన్ని తుప్పు పట్టనివ్వకపోవడం. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూతలాంటిదే, లోపల పీడనం పెంచి మరిగే వేడిని ఇంకా పైకి నెడుతుంది. వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తీస్తే కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది.

తుప్పును ఆపే రసాయనాలు కాలంతో ఖర్చవుతాయి. గడువు మాన్యువల్‌లో ఉంటుంది. తగ్గిందని బోరు నీళ్లు మాత్రం పోయకండి. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి, ఇక్కడి చాలా బోర్లలో నీళ్లు కఠినం. బకెట్‌కు తెల్లగా పట్టే పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పడుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. కలిపి అమ్మే కూలెంట్ గానీ, మాన్యువల్ చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలిపి గానీ పోయాలి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు అందేలా పళ్లెంలో వదలకూడదు.

ముందు ఫోర్కుల్లోని ఆయిల్ సన్నటి రంధ్రాల్లోంచి దూరుతూ గతుకుల శక్తిని వేడిగా మారుస్తుంది. అది పాడైతే స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ముందుభాగం ఊగుతూనే ఉంటుంది. మార్చాలంటే చాలా బండ్లలో ముందు చక్రం విప్పాలి, కాబట్టి ఇంటి పనుల్లో దీన్ని కలపకపోవడమే మంచిది.

1,200 గజాల ఆయిల్

ఇంట్లో ఆయిల్ మార్చినవాడి చేతిలో చివరికి ఒక లీటరు నల్లటి ఆయిల్ మిగులుతుంది. అది కాలువలో పోస్తే ఎంత? లీటరు ఆయిల్ మిల్లీమీటరులో వెయ్యోవంతు మందాన నీటి మీద పరుచుకుంటే వెయ్యి చదరపు మీటర్లు కప్పుతుంది. ప్లాట్ల భాషలో దాదాపు 1,200 గజాలు. ఆ పొర కింద నీటికి గాలి సరిగా అందదు. లింగంపల్లి చుట్టూ నల్లగండ్ల చెరువు, గోపి చెరువు ఉన్నాయి. కాస్త అవతల, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు ఉంది. కాలనీల కాలువల వాలు చెరువుల వైపే ఉంటుంది.

వాడిన ఆయిల్‌లో అరిగిన లోహాల రజను, ఇంధనం కాలగా పుట్టిన బెంజోపైరీన్ లాంటి క్యాన్సర్ కారకాలు ఉంటాయి. దాన్ని సెంట్రింగ్ పలకలకు రాయడం, చెదలు పట్టకుండా చెక్కకు, కంచె గుంజలకు పూయడం మన దగ్గర మామూలు. పూసిన చేతికీ, వాన పడ్డాక మట్టికీ ఆ విషం చేరుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. దాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఆయిల్ తయారీదారుల మీద పెట్టిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది.

శుద్ధి చేయడం సాధ్యమే. ఖర్చయినవి జింకు, పాలిమర్ గొలుసులు, మసిని మోసే రసాయనాలు. చేరినవి నీరు, పెట్రోల్, మసి. మూల నూనెలో ఎక్కువ భాగం చెక్కుచెదరకుండానే ఉంటుంది. అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాల్లో దాన్ని తక్కువ పీడనం దగ్గర మరిగించి వేరుచేసి, కొత్త రసాయనాలు కలిపి మళ్లీ ఇంజిన్ ఆయిల్ చేయవచ్చు.

కాబట్టి కొత్త ఆయిల్ డబ్బా ఖాళీ కాగానే పారేయకండి, పాత ఆయిల్‌ను అందులోనే పోసి మూత బిగించండి. బ్రేక్ ద్రవాన్ని, కూలెంట్‌ను దానితో కలపకండి, కలిస్తే శుద్ధి కష్టం. అనుమతి ఉన్న సేకరణదారులకు పాత ఆయిల్ అప్పగించే సర్వీస్ సెంటర్ ఏదో బోల్టు విప్పకముందే కనుక్కోండి. అలాంటి చోటు దొరక్కపోతే ఇంట్లో ఆయిల్ మార్చకండి, బండిని సర్వీస్‌కే ఇవ్వండి.